గీతలతో లెక్క చెప్పిన విలియం ప్లేఫెయిర్

మే నెల వచ్చిందంటే మన పల్నాడు పేరు పేపర్లో పడటానికి ఒక కారణం తప్పకుండా ఉంటుంది. అది రెంటచింతల ఎండ. రాష్ట్రంలో ఎండ ఎక్కడ ఎక్కువ అంటే రెంటచింతల అని చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగినవాళ్లం మనం. మరి ఆ డిగ్రీలను రోజూ ఒక నోటుబుక్కులో రాసుకుని, నెలాఖరున గళ్ల కాగితం మీద చుక్కలుగా పెట్టి, ఆ చుక్కల్ని గీతతో కలిపినవాళ్లు మనలో ఎంతమంది? నేనైతే చెయ్యలేదు. సుమారు రెండువందల యాభై ఏళ్ల కిందట స్కాట్లాండులో తండ్రి చనిపోయిన ఒక కుర్రాడి చేత వాళ్ల అన్న ఆ పని చేయించాడు. ఆ కుర్రాడు పెద్దవాడై, రెండు మూడు గీతల్ని ఒకే కాగితం మీద గీసి దేశాల లాభనష్టాలను కంటికి కనపడేటట్టు చేశాడు. ఇవాళ మన డిగ్రీ, ఇంజనీరింగ్ తమ్ముళ్లూ చెల్లెళ్లూ పైథాన్‌లో ఒకే గ్రాఫ్ మీద నాలుగు కర్వులు గీస్తున్నారంటే ఆ పద్ధతికి దారి వేసినవాడు ఆయనే. పేరు విలియం ప్లేఫెయిర్.

మన సంచికలో జీవిత చరిత్ర అంటే సాధారణంగా మచ్చలేని మహానుభావుడి కథ ఉంటుంది. ఇది అలాంటిది కాదని ముందే మనవి చేస్తున్నాను. ప్లేఫెయిర్ అప్పులు చేశాడు, వ్యాపారాలు ముంచాడు, జైలు చూశాడు, చివరికి బీదరికంలో పోయాడు. ఆయన చేసిన అసలైన పని బతికి ఉండగా ఆయనకి అన్నం పెట్టలేదు. అయినా ఆయన గురించి రాయాలనిపించడానికి నాకొక సొంత కారణం ఉంది. దాని సంగతి తరవాత చెబుతాను.

ప్లేఫెయిర్ 1759 సెప్టెంబరు 22న స్కాట్లాండులో డండీ పట్టణం దగ్గర లిఫ్ అనే పల్లెలో పుట్టాడు. తండ్రి జేమ్స్ ఆ ఊరి చర్చిలో పాస్టరు. విలియం ఇంట్లో నాలుగో కొడుకు. 1772లో తండ్రి చనిపోయేనాటికి అతనికి పన్నెండు పదమూడేళ్లు. ఇంటి బరువు పెద్దన్న జాన్ మీద పడింది. జాన్‌కి అప్పటికి ఇరవైనాలుగేళ్లు. తండ్రి చేసిన ఉద్యోగంలోనే కుదురుకుని, తమ్ముళ్ల చదువు చూసుకున్నాడు. తరవాత ఎడింబరో విశ్వవిద్యాలయంలో గణిత ఆచార్యుడయ్యాడు. తొమ్మిదో తరగతి రేఖాగణితంలో యూక్లిడ్ అయిదో స్వీకృతం దగ్గర ప్లేఫెయిర్ అనే పేరు చూసిన జ్ఞాపకం మీలో కొందరికైనా ఉంటుంది. ఒక సరళరేఖకి, దాని మీద లేని ఒక బిందువు గుండా ఒక్కటే సమాంతర రేఖ గీయగలం అనే మాట ఆ పేరుతోనే పాఠ్యపుస్తకాల్లోకి వచ్చింది. ఆ ప్లేఫెయిర్ మన విలియం కాదు, అన్న జాన్.

ఈ జాన్ తమ్ముడికి లెక్కలు నేర్పిన తీరు చూడండి. థర్మామీటరు చేతికిచ్చి, కొన్నాళ్లపాటు రోజూ వేడి ఎంతుందో రాయమన్నాడు. రాసినవాటిని అంకెలుగా వదిలెయ్యకుండా కాగితం మీద ఎత్తులుగా పెట్టి చూపించమన్నాడు. అంకెల్లో చెప్పగలిగింది ఏదైనా గీతల్లోనూ చెప్పవచ్చు అనే సంగతి ఆ పిల్లవాడి బుర్రలో అలా పడింది. పెద్దయ్యాక, పేరొచ్చాక, ఈ ఘనత తన అన్నదేనని విలియం స్వయంగా రాసుకున్నాడు. ఆయన ఎన్ని తప్పులు చేసినా ఈ ఒక్క విషయంలో మాత్రం నిజాయితీగా ఉన్నాడు.

విలియం కాలేజీ గడప తొక్కలేదు. ఆండ్రూ మైకెల్ అనే మిల్లు మేస్త్రీ దగ్గర పనికి కుదిరాడు. ధాన్యం నూర్చే యంత్రాన్ని తయారుచేసి పేరు తెచ్చుకున్నది ఈ మైకెలే. మన ఊళ్లలో కల్లాల దగ్గర చూసే నూర్పిడి మిషన్లకు ముత్తాత ఆయన యంత్రం అనుకోవచ్చు. అదే చోట పని నేర్చుకున్న జాన్ రెన్నీ తరవాత వంతెనలు కట్టే గొప్ప ఇంజనీరయ్యాడు. 1777లో, ఇంకా ఇరవై ఏళ్లు రాకముందే, ప్లేఫెయిర్ బర్మింగ్‌హామ్ వెళ్లి ఆవిరి యంత్రం జేమ్స్ వాట్ దగ్గర చేరాడు. అక్కడ ఆయన పని యంత్రాల నమూనాలు గీయడం. చక్రానికి ఎన్ని అంగుళాలు, గొట్టానికి ఎంత మందం అనేది కాగితం మీద కొలత తప్పకుండా దించాలి. గీత ఒక వెంట్రుకవాసి జరిగితే ఇనుము వృథా. కొలతకి తగ్గట్టు గీయడం, అంటే స్కేలు అనే మాటకి అసలు అర్థం, ఆయన చేతికి అక్కడ పట్టుబడింది.

అయిదారేళ్లలోపే వాట్ దగ్గర ఉద్యోగం వదిలేసి లండన్ చేరాడు. వెండి సామాను చేసే వ్యాపారం పెట్టాడు. నిలవలేదు. ఒకచోట కుదురుగా ఉండే మనిషి కాదాయన. కొత్త ఆలోచన వస్తే ఆగలేడు, లెక్క చూసుకోడు. ఇతరుల లెక్కలు అంత బాగా చూపించినవాడు సొంత ఖాతా మాత్రం ఎప్పుడూ సరిచేసుకోలేకపోయాడు.

ఇక అసలు కథకి వద్దాం. 1786లో ప్లేఫెయిర్ ఒక పుస్తకం తెచ్చాడు. ఇంగ్లాండు వ్యాపారానికీ రాజ్య ఆదాయవ్యయాలకీ సంబంధించిన అట్లాసు అది. అట్లాసు అంటే మనకు దేశపటాలు గుర్తొస్తాయి. ఇందులో ఒక్క దేశపటం కూడా లేదు. అన్నీ గీతలే. మొత్తం నలభైకి పైగా పటాలు, దాదాపు అన్నీ ఏళ్ల వెంట సాగే కర్వులు.

అప్పటిదాకా ఒక దేశం వ్యాపారం సంగతి తెలుసుకోవాలంటే పట్టికలు చదవాలి. ఒక కాలంలో సంవత్సరం, పక్క కాలంలో ఎగుమతి, ఆ పక్కన దిగుమతి. ఎనభై ఏళ్ల అంకెలు చదివేసరికి మొదటి అంకె మరిచిపోతాం. ప్లేఫెయిర్ ఏం చేశాడంటే, అడుగున ఎడమ నుంచి కుడికి 1700 నుంచి 1780 దాకా సంవత్సరాలు పరిచాడు. నిలువుగా పౌన్లు పెట్టాడు. ఎగుమతులకొక గీత, దిగుమతులకొక గీత, రెండూ ఒకే గళ్లలో గీశాడు. ఇప్పుడు మనకిది వింతగా లేదు. అప్పటివాళ్లకి డబ్బును ఎత్తుగా చూడటమే వింత. కాలాన్ని గీతగా చూపించడం ఆయనకంటే ముందు ప్రీస్ట్లీ చేశాడు. వాతావరణం లెక్కల్ని కర్వులుగా గీసిన లాంబర్ట్ అనే శాస్త్రవేత్త కూడా ఉన్నాడు. కానీ వ్యాపారం, అప్పు, ధర, కూలీ లాంటి మామూలు మనుషుల బతుకు లెక్కల్ని ఇలా గీసి, పుస్తకంగా అచ్చువేసి జనం ముందు పెట్టినవాడు ప్లేఫెయిరే.

వాటిలో అందరూ చెప్పుకునే పటం ఒకటుంది. డెన్మార్క్, నార్వేలతో ఇంగ్లాండు చేసిన వ్యాపారం. మొదట్లో దిగుమతి గీత పైన, ఎగుమతి గీత కింద. అంటే ఇంగ్లాండుకి నష్టం. 1750లు సగం గడిచేసరికి రెండు గీతలూ ఒకదాన్నొకటి దాటుకుంటాయి. అక్కణ్ణుంచి ఎగుమతి గీత పైకి పోతుంది. రెండు గీతల మధ్య జాగాకి రంగు వేసి, ఇటువైపు నష్టం, అటువైపు లాభం అని అక్కడే రాశాడు. రంగు జాగా ఎంత వెడల్పుంటే తేడా అంత. కూడికలు తీసివేతలు అక్కర్లేదు. రెండు గీతలు విడివిడిగా రెండు కాగితాల మీద ఉంటే ఈ సంగతి ఎప్పటికీ కనపడదు.

ఇదే పుస్తకంలో ఈస్టిండీస్‌తో, అంటే మనవైపు దేశాలతో జరిగిన వ్యాపారానికీ పటం ఉంది. అందులో దిగుమతి గీతదే పైచెయ్యి. ఆ కాలంలో ఓడలెక్కి వెళ్లిన సరుకులో మన కోరమాండల్ తీరం బట్టలు కూడా ఉన్నాయి. మచిలీపట్నంలో ఇంగ్లీషువాళ్ల వర్తక స్థావరం 1611 నుంచే ఉంది. లండన్‌లో ఒకాయన గీసిన గీతలో మన నేతగాళ్ల మగ్గం చప్పుడు కలిసి ఉందన్నమాట. అయితే ఆ నేతగాడికి ముట్టిన కూలీ ఎంతో చెప్పే గీత మాత్రం ఆ పటంలో లేదు. ఏ గీత గీశారన్నదే కాదు, ఏ గీత గీయలేదన్నది కూడా చూసుకోవాలని నాకు తట్టింది ఈ పటం గురించి చదివినప్పుడే.

అచ్చు సంగతి కూడా చెప్పాలి. అప్పుడు పటాన్ని రాగి రేకు మీద చెక్కేవారు. అదీ అద్దంలో చూసినట్టు తిరగేసి. అచ్చయ్యాక ఒక్కొక్క ప్రతికీ చేత్తో రంగులు అద్దాలి. ఒక అంకె తప్పయితే రబ్బరుతో తుడిచేది కాదు. పుస్తకం ముందుగా జేమ్స్ వాట్‌కి చూపిస్తే, ఆ పాత యజమాని మంచి సలహా ఇచ్చాడు. గీతలతోపాటు అవి ఏ అంకెల నుంచి వచ్చాయో ఆ పట్టికలూ వేయమన్నాడు. లేకపోతే గీసినవాడి మాట మీద నమ్మాల్సి వస్తుంది కదా. ప్రాజెక్టు రిపోర్టుల్లో రంగురంగుల గ్రాఫులు పెట్టి డేటా ఎక్కడిదో రాయని తమ్ముళ్లు వాట్ మాట గుర్తుపెట్టుకుంటే బాగుంటుంది.

ఈ పుస్తకంలోనే ఒక తమాషా జరిగింది. స్కాట్లాండు వ్యాపారానికి ఆయన దగ్గర ఒక్క సంవత్సరం లెక్కలే ఉన్నాయి, 1780 క్రిస్మస్ నుంచి 1781 క్రిస్మస్ దాకా. ఒక్క ఏడాదితో కర్వు ఎలా వస్తుంది? ఒక్క చుక్కని దేనితో కలుపుతాం? గత్యంతరం లేక, పదిహేడు ప్రాంతాల పేర్లు రాసి ఒక్కొక్కదానికి పొడుగు పట్టీలు గీశాడు. అది ఆయనకే అంతగా నచ్చలేదు, కాలం అందులో లేదని. మన పదో తరగతి పిల్లలు గీసే బార్ గ్రాఫు అలా డేటా కొరతలో పుట్టింది.

ఇక్కడ కాస్త ఆగి మన సంగతి మాట్లాడుకుందాం. మాచర్ల తమ్ముళ్లకు నాగార్జునసాగర్ లెక్కలు కొట్టిన పిండి. వానాకాలం వస్తే ఇన్‌ఫ్లో ఎంత, అవుట్‌ఫ్లో ఎంత, నీటిమట్టం ఎన్ని అడుగులు అని టీ కొట్టు దగ్గర కూడా అదే మాట. ఇన్‌ఫ్లో ఒక గీత, అవుట్‌ఫ్లో ఒక గీత ఒకే గ్రాఫులో గీయండి. ఇన్‌ఫ్లో గీత పైన ఉన్నన్నాళ్లు డ్యాం నిండుతుంది, కింద ఉన్నన్నాళ్లు తరుగుతుంది, రెండూ కలిసిన చోట మట్టం నిలకడ. ఇది అచ్చంగా ప్లేఫెయిర్ డెన్మార్క్ పటమే. పౌన్ల బదులు క్యూసెక్కులు, అంతే.

పైథాన్‌లో ఇది చేయడానికి మ్యాట్‌ప్లాట్‌లిబ్ అనే లైబ్రరీ ఉంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు చేసే పొరపాటు ఒకటే. మొదటి గీతకి ప్లాట్ అని రాసి వెంటనే షో అంటారు. తరవాత రెండో గీతకి ప్లాట్, మళ్లీ షో. అప్పుడు రెండు గ్రాఫులు విడివిడిగా వస్తాయి, ఒకటి మూసేస్తేగాని రెండోది తెరుచుకోదు. ప్లాట్ అంటే కాగితం మీద గీయమని, షో అంటే కాగితం చేతికివ్వమని. గీయాల్సిన గీతలన్నీ గీశాకే ఇవ్వమనాలి. కాబట్టి ప్లాట్ ఎన్నిసార్లయినా రాయండి, షో మాత్రం చిట్టచివర ఒక్కసారి. రంగులు అదే మార్చుకుంటుంది, మొదటిది నీలం, రెండోది నారింజ. ప్రతి ప్లాట్‌లోనూ లేబుల్ అని గీత పేరు ఇచ్చి, చివర లెజెండ్ అంటే ఏ రంగు దేనిదో మూలన రాసి చూపిస్తుంది. లేబుల్ ఇచ్చి లెజెండ్ మరిచిపోతే పేర్లు రావు. తేదీలు ముప్పై ఉండి అంకెలు ఇరవైతొమ్మిదే ఉంటే ఎర్రర్ వస్తుంది. అప్పుడు కంగారుపడి సున్నా పెట్టకండి. సున్నా పెడితే ఆ రోజు చుక్క నీరు రాలేదని అర్థం. లెక్క దొరకని రోజుకి నాన్ అని పెడితే గీత అక్కడ తెగి మళ్లీ మొదలవుతుంది. తెగిన గీత నిజమే చెబుతుంది.

ఇప్పుడు మూడో గీతగా నీటిమట్టం కూడా కలుపుదామనుకోండి. సాగర్ పూర్తి మట్టం 590 అడుగులు. వరద రోజుల్లో ఇన్‌ఫ్లో లక్షల క్యూసెక్కులు. లక్షల పక్కన అయిదొందలు ఏపాటి? మట్టం గీత అడుగున నేలకి అంటుకుపోతుంది, డ్యాం నిండినా ఎండినా ఒకలాగే కనపడుతుంది. అందుకే ట్విన్‌ఎక్స్ అనే సదుపాయం పెట్టారు. ఎడమవైపు క్యూసెక్కులు, కుడివైపు అడుగులు, కింద తేదీలు ఉమ్మడి. చాలా ఉపయోగం. చాలా ప్రమాదం కూడా. రెండు వేర్వేరు కొలతలున్నప్పుడు గీతలు ఎక్కడ దాటుకున్నాయన్నదానికి అర్థమే ఉండదు. కుడివైపు స్కేలు కాస్త సాగదీస్తే దాటే చోటు మారిపోతుంది. మనకి ఇష్టమైన చోట దాటించవచ్చు.

ఈ మ్యాట్‌ప్లాట్‌లిబ్ చేసిన జాన్ హంటర్ అమెరికాలో మెదడు మీద పరిశోధన చేసినవాడు. మూర్ఛ రోగుల మెదడు నుంచి ఒకేసారి ఎన్నో తీగలు పంపే సంకేతాలను పక్కపక్కనే చూడాల్సిన అవసరం ఆయనది. 2003లో ఆ లైబ్రరీని అందరికీ ఉచితంగా వదిలాడు. 2012లో చిన్న వయసులోనే క్యాన్సరు చికిత్సలో చనిపోయాడు. ఆయన గురించి వేరే వ్యాసం రాయాలి.

మళ్లీ ప్లేఫెయిర్ దగ్గరికి. 1787లో ఆయన పారిస్ వెళ్లాడు. 1789లో అట్లాసు ఫ్రెంచిలో వచ్చింది. ఫ్రెంచి రాజు పదహారో లూయీకి పటాలంటే ఇష్టం, ఈ పుస్తకం చూసి చదవకుండానే అర్థమవుతోందని మెచ్చుకున్నాడని చెబుతారు. స్వదేశంలో దొరకని ఆదరణ అక్కడ దొరికింది. అంతలోనే విప్లవం. అంతలోనే ఆయన ఇంకో వ్యవహారంలో తలదూర్చాడు. అమెరికాలో ఓహియో ప్రాంతపు భూములను ఫ్రెంచివాళ్లకు అమ్మే సియోటో కంపెనీలో ఏజెంటుగా చేరాడు. జనం డబ్బు కట్టి, కుటుంబాలతో ఓడలెక్కి, 1790లో అక్కడికి చేరి చూస్తే చేతిలో ఉన్న పత్రాలు చెల్లవు. భూమి ఆ కంపెనీది కానే కాదు. ప్లాట్ల పేరుతో మోసపోయినవాళ్లను మనం మన ఊళ్లలోనే చూశాం కాబట్టి ఆ కుటుంబాల గతి ఊహించడం కష్టం కాదు. డబ్బు ఎవరు తిన్నారన్న దాని మీద వాదాలున్నాయిగాని, నింద ప్లేఫెయిర్ మీదా పడింది. ఆ మచ్చని నేను తుడవను.

1793 నాటికి లండన్ తిరిగొచ్చాడు. విప్లవానికి వ్యతిరేకంగా కరపత్రాలు రాశాడు. ఒక బ్యాంకు పెట్టాడు, అది మూతపడింది. అప్పులవాళ్లను పెట్టే ఫ్లీట్ జైలులో ఉన్నాడు. ఆ కష్టాల నడుమనే 1801లో రెండో గొప్ప పుస్తకం తెచ్చాడు. ఐరోపా రాజ్యాల విస్తీర్ణాన్ని వృత్తాలుగా చూపించాడు. తురుష్క సామ్రాజ్యం ఆసియాలో ఎంత, ఐరోపాలో ఎంత, ఆఫ్రికాలో ఎంత అని ఒక వృత్తాన్ని ముక్కలుగా కోశాడు. పై చార్టు అదే మొదలు. హిందూస్థానంలోని రాజ్యాలకు కూడా అందులో చోటిచ్చాడు. ఆ తరవాత ఆడమ్ స్మిత్ గ్రంథానికి 1805లో కొత్త ముద్రణ సిద్ధం చేశాడు. పత్రికల్లో రాశాడు. ఒక ప్రభువుని పాత కాగితాలు చూపించి బెదిరించి డబ్బు రాబట్టాలని చూశాడు, అదీ కుదరలేదు. ఈ ఏళ్ల గురించి ఇంతకంటే రాయాల్సింది లేదు.

అరవై దాటాక ఆయన గీసిన చివరి గొప్ప పటం దగ్గర మాత్రం నిదానంగా ఆగాలి. నా సొంత కారణం కూడా అక్కడే ఉంది.

1821. నెపోలియన్‌తో యుద్ధాలు అయిపోయి, ధాన్యం ధర పడిపోయి, ఇంగ్లాండులో భూస్వాములు గగ్గోలు పెడుతున్న కాలం. గోధుమ ధర ఎక్కువా తక్కువా అన్న దానికి జవాబు గోధుమ ధరని చూస్తే దొరకదని ప్లేఫెయిర్‌కి అర్థమైంది. దాని పక్కన కూలీ పెట్టి చూడాలి. అందుకని 1565 నుంచి 1821 దాకా, రెండున్నర శతాబ్దాల లెక్క ఒకే కాగితం మీద పెట్టాడు. క్వార్టర్ గోధుమ, అంటే మన లెక్కన రెండు క్వింటాళ్ల పైచిలుకు, దాని ధర నిలువు పట్టీలుగా. మంచి పనివాడి వారం కూలీ కింద ఒక గీతగా. పైన ఏ రాజు, ఏ రాణి కాలమో చూపించే వరుస. మూడు సంగతులు ఒకే చూపులో. పైథాన్‌లో బార్ ఒకటి, ప్లాట్ ఒకటి కలిపి రాస్తే వచ్చే బొమ్మ ఇదే.

కానీ ఆ పటంలో చిక్కుంది. ధరకీ కూలీకీ ఒకే షిల్లింగుల స్కేలు వాడాడు. ధర పట్టీలు ఇరవైఆరు నుంచి దాదాపు వంద దాకా ఎగిరి పడుతుంటాయి. కూలీ గీత అయిదు షిల్లింగుల నుంచి ముప్పై దాకా మాత్రమే, కాబట్టి అడుగున నెమ్మదిగా పాకుతున్నట్టు ఉంటుంది. చూసినవాళ్లకి ధర మండిపోతోంది, కూలీ అక్కడే ఉంది అనిపిస్తుంది. ప్లేఫెయిర్ చెప్పదలుచుకున్నది దానికి పూర్తిగా ఎదురు. కూలీతో పోలిస్తే గోధుమ ఎన్నడూ లేనంత చవకైందని ఆయన వాదన. మన కాలపు గణాంకవేత్తలు ఆయన అంకెలే తీసుకుని ధరను కూలీతో భాగించి, ఒక క్వార్టర్ గోధుమకి ఎన్ని వారాలు పనిచేయాలి అని ఒకే గీత గీశారు. 1565లో సుమారు ఎనిమిది వారాలు. 1810లో మూడు వారాల చిల్లర. ఆయన మాట నిజమేనని ఆ గీత చూపించింది. సొంత పటంలో ఆయన ఆ గీత గీయలేదు.

ఇంకొక చిక్కు కూడా ఉంది. అది గణాంకాల్లో కాదు, మనిషిలో. ఆయన తీసుకున్న కూలీ చేతిపని వచ్చిన మంచి పనివాడిది. పొలంలో గోధుమ కోసినవాడిది కాదు. కోసినవాడి గీత వేరేగా ఉండేది.

నా సంగతి ఇది. డిగ్రీ రెండో ఏడు కంప్యూటర్ ల్యాబులో సొంత డేటాతో గ్రాఫు గీయమన్నారు. మా అమ్మ మిరప కోతలకి వెళ్లేది, కల్లంలో తాలు కాయలు ఏరేది. ఆమె రోజు కూలీ ఏ ఏడు ఎంతో ఇంట్లో అడిగి రాసుకున్నాను. పక్కన క్వింటా మిర్చి ధర తీసుకున్నాను. ఒకే స్కేలు మీద పెడితే కూలీ గీత నేలకి అంటుకుపోయింది. ట్విన్‌ఎక్స్ పెట్టి కుడివైపు స్కేలు సర్దాను. రెండు గీతలూ చెట్టాపట్టాలేసుకుని పైకి పోయాయి. ల్యాబులో అందరూ బాగుందన్నారు. సంక్రాంతికి ఇంటికెళ్లి అమ్మకి ఫోనులో చూపించాను. ఆమెకి చదువు లేదు. కాసేపు చూసి, ఆ పైకి పోయే గీత ఎవరిదని అడిగింది. తన కూలీదేనని చెబితే నవ్వింది. తరవాత వేళ్ల మీద లెక్క మొదలుపెట్టింది. నేను పుట్టిన ఏడు బియ్యం బస్తాకి ఎన్ని రోజులు వంగింది, ఇప్పుడు ఎన్ని రోజులు, పప్పుకి ఎన్ని, నూనెకి ఎన్ని. బియ్యానికి రోజులు తగ్గాయి. పప్పుకి అంతగా తగ్గలేదు. ఇంటి అద్దె మాట వచ్చేసరికి వేళ్లు చాలలేదు. రూపాయల గీత ఆమెకి అక్కర్లేదు. రోజుల గీత కావాలి. ప్లేఫెయిర్ గీయకుండా వదిలేసిందీ, తరవాత పండితులు గీసిందీ అదేనని నాకు ఆ పటం గురించి చదివాక తెలిసింది.

ఆ పటం వచ్చిన రెండేళ్లకే, 1823 ఫిబ్రవరి 11న, లండన్‌లో ప్లేఫెయిర్ చనిపోయాడు. చేతిలో డబ్బు లేదు. ఇంగ్లాండులో ఆయన పద్ధతిని చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. గీతలు పిల్లల బొమ్మల్లాంటివి, పెద్దమనుషులకు పట్టికలే గౌరవం అన్న భావం ఉండేది. దాదాపు నలభై ఏళ్ల తరవాత జెవన్స్ అనే ఆర్థికవేత్త ధరల కర్వులు గీస్తూ ఆ పాత పుస్తకాల విలువ గుర్తించాడు. అన్న జాన్ పేరు ప్రతి రేఖాగణితం పుస్తకంలోకీ వెళ్లింది. తమ్ముడి పద్ధతి ప్రతి గ్రాఫు కాగితం మీదికీ వెళ్లిందిగాని, పేరు వెళ్లలేదు.

హాస్టల్లో ఉన్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక పని అప్పగిస్తున్నాను. ఈ సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు అమ్మనో నాన్ననో అడిగి, గుర్తున్నంత వెనక్కి, రోజు కూలీ, కిలో బియ్యం ధర, కిలో కందిపప్పు ధర రాసుకురండి. నరసరావుపేట, గురజాల, మాచర్ల, పిడుగురాళ్ల, ఏ ఊరిదైనా సరే, ఊరి పేరు పైన రాయండి. ఆడకూలీ, మగకూలీ వేరువేరుగా రాయండి, రెండూ ఒకటి కాదు. గుర్తులేని ఏడు ఖాళీగా వదలండి. అన్నీ వచ్చాక ఒకే గ్రాఫు మీద గీద్దాం. నిలువు స్కేలు మీద రూపాయలు ఉండవు, కిలోకి ఎన్ని గంటల పని అన్నది ఉంటుంది. షో చివర ఒక్కసారే.